గాలాడని గొట్టం

నాపరాళ్ల మేడ, నాలుగో అంతస్తు, పదకొండో ఇల్లు.
ఏసీ దినచర్య, రెండో ప్రతి.

ఇంటి ఏసీ గురించి రోజూ రాయాల్సిన దినచర్యలో అబద్ధం రాసినవారు దానిని మొదటి నుంచి స్వహస్తాలతో తిరగరాసి, వచ్చేపోయేవారంతా చదివేలా మెట్ల దగ్గర వేలాడదీయాలన్నది ఈ మేడ నియమం. నా మొదటి ప్రతిలో తొమ్మిది రోజుల రాతలున్నాయి. వాటిలో అక్షరదోషం ఒక్కటీ లేదు. నిజం కూడా, బయటి ఎండ కొలత మినహా, లేదు. ఆ కొలతలను అలాగే ఉంచి మిగిలినదంతా కొట్టివేసి రాస్తున్నాను.

నా పేరు హంద్రి. వయసు ఇరవై ఒకటి. విశ్వవిద్యాలయ వాదసభలో మూడేళ్లుగా నేను ఓడిపోలేదు. ఈ వాక్యాన్ని గొప్పకు రాయడం లేదు. జరిగినదానికి నేను వాడిన ఆయుధం ఏమిటో చదివేవారికి తెలియాలి గనుక రాస్తున్నాను.

మొదటి రోజు. బయట 48.

తెల్లవారగానే డబ్బా చూశాను. నీరు ఎప్పుడూ ఉండే గీతకు రెండు వేళ్లు కిందికి ఉంది.

మా ఏసీ నాకంటే వయసులో పెద్దది. ఇంట్లో నాతో ఉండే నాయనమ్మ, మా జేజి, దాన్ని ముసలోడు అంటుంది. అది దగ్గుతుంది, మూలుగుతుంది, అయినా గదిని ముప్పై దాటనివ్వదు. దాని ఒంట్లో ఊరిన నీరు వెనుక గొట్టం గుండా వరండా గట్టు మీది డబ్బాలోకి దిగుతుంది. మా ఇద్దరికీ తాగునీరు అదే. అదే గట్టు మీద, మా డబ్బాకు జానెడు దూరంలో, పక్కింటివాళ్ల డబ్బా ఉంటుంది. అది ఆ రోజు అంచు దాకా నిండి ఉంది.

"ముసలోడికి చెమట తగ్గినట్లుండాదే," అంది జేజి.

"వాళ్లకు తగ్గలేదు. మనకే ఎందుకు తగ్గుతుంది?"

"వాళ్లది వాళ్లు కడుగుతాంటారు. నువ్వు ముసలోని మొగం తుడిచి ఎన్నాళ్లయింది?"

మొదటి ప్రతిలో "నీరు రెండు వేళ్లు తక్కువ, కారణం పరిశీలనలో ఉంది" అని రాశాను. కారణాన్ని నేను పరిశీలించలేదు. పక్క డబ్బాను చూసిన క్షణంలోనే తేల్చేశాను.

పక్కింట్లో దస్తగిరమ్మ అత్త, ఓబులేసు మామ ఉంటారు. ఇద్దరూ జీవితమంతా ఏసీలు బాగుచేసినవాళ్లే. ఆమె లోపలి పని చూసేది, ఆయన తాళ్లకు వేలాడి బయటి గోడల మీద పని చేసేవాడు. ఒక వేసవిలో తాడు మీద ఉండగా ఆయనకు వడదెబ్బ తగిలింది. అప్పటి నుంచి ఆయన ఒంటికి చెమట పట్టదు. ఏసీ ఆగితే ఆ మనిషి ప్రాణం నిలవడం కష్టమని ఈ మేడలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలుసునన్న ఈ మాటను మొదటి ప్రతిలో ఎక్కడా రాయలేదు.

మూడో రోజు. బయట 48.

నీరు ఇంకో వేలు తగ్గింది.

గొట్టపు చివరను డబ్బా అడుగు దాకా దించాను. డబ్బా మూతికీ గొట్టానికీ మధ్య సందును పాత సైకిలు ట్యూబు ముక్కతో బిగించి, దానిపై జేజి నూలుచీర పేలికను తడిపి చుట్టి, తాడుతో ఏడు చుట్లు కట్టాను. ఇకపై ఎవరైనా ఒక్క చుక్క తీసినా ముడి చెబుతుందనుకున్నాను. తాగడానికి ఇంట్లో బిందెల్లో నిలవ నీళ్లున్నాయి.

అప్పుడే దస్తగిరమ్మ అత్త వరండాలోకి వచ్చింది.

"ఏం పాపా, డబ్బాకు గొంతు బిగిస్తాండావు?"

"దుమ్ము పడకుండా, అత్తా."

"దుమ్ముకైతే పల్చటి గుడ్డ సాలు గదా. అంత గట్టిగ కట్టొద్దు. నీళ్లు దిగవు."

వాదసభలో ప్రత్యర్థి మన ఎత్తును వద్దంటే, అది సరైన ఎత్తని అర్థం. నాకు నేర్పిన చదువు ఇది. ఇంకో రెండు చుట్లు చుట్టాను. మొదటి ప్రతిలో మాత్రం "గొట్టం యథాస్థితిలో ఉంది" అని రాశాను. ఎందుకలా రాశానని ఎవరైనా అడిగితే ఆ రోజు నా దగ్గర జవాబు ఉంది. కాపలా పెట్టిన సంగతి కాగితం మీద పెడితే దొంగ చదువుతాడని. ఈ రోజు లేదు.

ఐదో రోజు. బయట 49.

గోడ తడిసింది. ఏసీ కింది అంచు నుంచి నీరు సన్నని ధారగా దిగి, పక్కింటికీ మాకూ ఉమ్మడిగా ఉన్న గోడ మీదుగా పాకి, జేజి పడక దాకా వచ్చింది. డబ్బా బయటి గీతను చూస్తే మొన్నటి నీరే ఉంది. కొత్తగా ఒక్క చుక్క చేరలేదు.

పొగను చూసి నిప్పును ఊహించడం పెద్దలు నేర్పిన పద్ధతి. నేను తడిని చూసి దొంగను ఊహించాను. ఉమ్మడి గోడకు వాళ్ల వైపు నుంచి కన్నం పెట్టి, మా గొట్టానికి చిల్లు చేసి, నీటిని తమ డబ్బాకు మళ్లించుకుంటున్నారనీ, ఆ చిల్లు దగ్గర కారినదే ఈ తడి అనీ ఒక సిద్ధాంతం కట్టాను. అది చాలా అందంగా ఉంది. డబ్బా ఎందుకు ఖాళీగా ఉందో, గోడ ఎందుకు తడిసిందో, వాళ్ల డబ్బా ఎందుకు నిండుగా ఉందో ఒక్క దెబ్బకు చెబుతుంది. సాయంత్రం సుంకన్న మామ దగ్గరికి వెళ్లి మెట్ల మీద విచారణ కోరాను.

"దస్తగిరమ్మ మీదనా?" అన్నాడాయన, కళ్లద్దాలు తీసి. ఈ మేడలో ఏసీలకు లక్కముద్రలు వేసేదీ తీసేదీ ఆయనే. "బాగ ఆలోచించినావా పాపా?"

"ఆలోచించడమే నా పని, మామా."

ఆరో రోజు. బయట 50.

ఏసీల్లో నింపే వాయువు ఇప్పుడు ఎక్కడా తయారు కావడం లేదు. ఉన్నది పోకుండా ప్రతి ఏసీకీ ముద్ర ఉంటుంది, ఎవరూ విప్పకూడదు. విప్పి చూసే వీలు లేదు గనుక తప్పు ఎవరిదో మాటలతోనే తేల్చుకోవడం మా ఆచారం. ఇద్దరూ మెట్ల మలుపులో ఎదురెదురుగా నిలబడతారు. మిగతావాళ్లు మెట్ల మీద కూర్చుని వింటారు. చివర్లో ఎవరిని నమ్మితే వారి పేరు పలికినప్పుడు అరచేత్తో మెట్టును చరుస్తారు. ఓడినవారి ఏసీ ఆపేసి ముద్ర వేస్తారు. పరీక్షకుడు వచ్చినప్పుడు విప్పి చూస్తాడు. ఆయన రావడానికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి.

ఆ సాయంత్రం నేను ఏం మాట్లాడానో పూర్తిగా రాయడం శిక్షలో భాగమని అనుకుంటున్నాను.

మొదట మాట్లాడే వంతు దస్తగిరమ్మ అత్తది. ఆమె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుంది. "మేం వాళ్ల నీళ్లు ముట్టల్యా," అంది. అంతే.

"అత్తా, నేనింకా మీ మీద నేరం మోపనే లేదు," అన్నాను. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలెందుకు తడుముకుంటున్నారు?"

మెట్లన్నీ నవ్వాయి. మూడో అంతస్తు తిప్పమ్మ నవ్వు అందరికంటే పైకి వినిపించింది.

"పాప గొట్టాన్ని డబ్బా అడుగుకు దింపి, మూతి బిగించినాది," అంది దస్తగిరమ్మ అత్త. "గాలి పొయ్యేకి దారి ల్యాకపోతే నీళ్లు యాడ దిగుతాయి? ఎనక్కొచ్చి గోడ మీద పడ్తాయి. అంతేనప్పా. విప్పితే సరిపోతాది."

ఇదే నిజం. పూర్తి నిజం. ఆమె దాన్ని ఐదు వాక్యాల్లో, ఎవరి మీదా ఒక్క నింద లేకుండా చెప్పింది.

నేనేం చేశానంటే, ఆ నిజాన్ని ఎత్తి అందరికీ చూపిస్తూ ఎగతాళి చేశాను. "అయ్యలారా, అమ్మలారా! సృష్టి మొదలైనప్పటి నుంచి నీళ్లు పల్లానికి పోతున్నాయి. ఇవాళ్టి నుంచి మాత్రం గాలిగారి అనుమతి తీసుకుని పోవాలట. రేపు మా జేజి దాహమై నీళ్లు తాగబోతే, ముందు గాలిగారికి అర్జీ పెట్టుకోవాలి కాబోలు!"

నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఎవరో కింద నుంచి "గాలిగారూ, దయ సూడండి!" అని అరిచారు. దస్తగిరమ్మ అత్త ఇంకోసారి నోరు తెరిచింది. నవ్వు మధ్య ఆమె మాట వినబడలేదు.

సుంకన్న మామ ఒక్కడే నవ్వలేదు. "పాపా, ఒక్క మాట. గొట్టాన్ని నువ్వేమన్నా కదిలించినావా?"

కదిలించానని చెప్పవచ్చు. అలా చెబితే వాదం కొంచెం బలహీనపడేది. అంతే. అది మాత్రమే అడ్డు.

"మామా, మా ఇంటి గొట్టాన్ని నేను ముట్టుకోవడం నేరమైతే, ముందు దానికి శిక్ష వేయండి. దొంగతనం సంగతి తీరిగ్గా చూద్దాం."

మళ్లీ నవ్వారు. నా పేరు పలికినప్పుడు మెట్లు ఉరిమినట్టు మోగాయి. ఆమె పేరు పలికినప్పుడు ఒకే ఒక్క అరచేయి చప్పుడు వినిపించింది. ఎవరిదో చూశాను. మా జేజిది.

ఏడో రోజు. బయట 51.

పక్కింటి ఏసీ ఆగింది. నేను పుట్టినప్పటి నుంచి దాని మోత నా చెవుల్లో ఉంది గనుక ఉన్నట్టే తెలియదు. లేనప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం జేజి వాళ్ల తలుపు తట్టింది. నేను మా గుమ్మంలో నిలబడి విన్నాను.

"దస్తగిరీ, ఓబులేసును మా ఇంట్లేకి తీసుకరా. ఇద్దరూ ఉండండి. ముసలోడు నలుగురినీ సల్లబరుస్తాడు."

"వద్దులే అవ్వా."

"మొండికేయొద్దు, మొగోని పానం పోతాది."

"దొంగోళ్లం గదా. మీ ఇంట్లేకి వస్తే ఇంకేం పోతాయో."

లోపలి నుంచి ఓబులేసు మామ గొంతు వినిపించింది, నీరసంగా, అయినా నవ్వుతూ. "అవ్వా, గాలిగారికి నేను అర్జీ పెట్టుకున్న. జవాబు రాల్యా."

జేజి లోపలికొచ్చి పేలికలు తడపడం మొదలుపెట్టింది. మొదటి ప్రతిలో ఈ రోజు కింద "నిందితుల ఏసీ నిలిపివేయబడింది" అని రాశాను. నిందితులు అన్న పదం నాదే.

ఎనిమిదో రోజు. బయట 52.

గోడ ఇంకా తడుస్తూనే ఉంది.

వాళ్ల ఏసీ ఆగి ఇది రెండో రోజు. వాళ్ల డబ్బా ఎండిపోయి గట్టు మీద బోర్లించి ఉంది. అంటే నీరు అక్కడికి పోవడం లేదు. మరి ఎక్కడికి పోతోంది? మా గోడ మీదికి. ఎక్కడి నుంచి? మా ఏసీ నుంచి. పసిపిల్లలైనా ఇంతవరకూ రాగలరు.

నేనూ వచ్చాను. వచ్చి ఆగలేదు. ఉదయమంతా కూర్చుని, పాత గోడలు పీల్చిన తడిని కొన్ని రోజుల పాటు వదులుతూ ఉంటాయన్న వాదాన్ని నిర్మించాను. దానికి మూడు హేతువులు, రెండు ఉపమానాలు సమకూర్చాను. మొదటి ప్రతిలో ఆ పుట అన్నింటికంటే బాగా వచ్చింది. ఎవరూ అడగని ప్రశ్నకు అంత శ్రద్ధగా సమాధానం రాసినవారికి లోపల ఏం తెలిసి ఉంటుందో చదివేవారే గ్రహించాలి.

తొమ్మిదో రోజు. బయట 52.

ఇంట్లో పేలికలు అయిపోయాయి. ఓబులేసు మామ నుదుటికి ఇంకొకటి కావాలని జేజి వరండాలోకి వెళ్లి, డబ్బా మూతికి నేను చుట్టిన చీర ముక్క తాడు కోసేసింది. ట్యూబు ముక్క కూడా దానితో పాటు ఊడింది. గొట్టం పైకి ఎగిరింది.

గుడగుడమని ఒక శబ్దం. ఆ తరువాత గొట్టంలో నిలిచిపోయిన నీరంతా గుక్కతిప్పుకోకుండా డబ్బాలోకి దూకింది. నేను పరుగెత్తి వచ్చేసరికి డబ్బాలో నీరు ఎప్పుడూ ఉండే గీతను తాకింది. లోపలికి వెళ్లి చూశాను. ఏసీ అంచు నుంచి ధార ఆగిపోయింది.

"పాపం, ఊపిరాడక సచ్చినాది గొట్టం," అంది జేజి. నా వైపు తిరిగింది. "పో. పొయ్యి చెప్పు."

"రేపు విశ్వవిద్యాలయ వాదసభ ఫైనల్ జేజీ. అబద్ధపు దినచర్య రాశానని తెలిస్తే ఏడాది పాటు వేదిక ఎక్కనివ్వరు. రేపు సాయంత్రం చెబుతాను. ఒక్క రోజే."

"ఎండ నీ ఫైనల్ దాంక ఆగుతాదా?"

జేజి నా కోసం ఆగలేదు. తానే సుంకన్న మామ దగ్గరికి దిగి వెళ్లింది. గెలిచినవాళ్ల ఇంటి మనిషి మాట చెల్లదనీ, మలుపులో నిలబడిన ఇద్దరూ మళ్లీ వచ్చి తీర్పును తిప్పమని అడగాలనీ ఆయన చెప్పి పంపాడు. తిరిగి వచ్చాక జేజి నాతో మాట్లాడలేదు. తడి పేలిక తీసుకుని పక్కింటికి వెళ్లిపోయింది.

అప్పుడు నేను చేసిన పని ఇది. ట్యూబు ముక్క ఏరుకుని, మరో గుడ్డ వెతికి, గొట్టాన్ని మళ్లీ అడుగు దాకా దించి, మళ్లీ కట్టాను. ఎవరైనా వరండాలోకి వస్తే గోడ ఆరిపోయి కనిపించకూడదని.

తెలియక కట్టిన మొదటి ముడికి ఎవరైనా నన్ను క్షమించవచ్చు. ఈ రెండో ముడి తెలిసి కట్టాను.

పదో రోజు. బయట 53.

ఇక్కడి నుంచి మొదటి ప్రతి లేదు.

సొరంగ మార్గాన విశ్వవిద్యాలయానికి వెళ్లాను. కంటితో చూసినదానికంటే తర్కంతో తేల్చినదే నమ్మదగినదన్నది విషయం. అనుకూలంగా మాట్లాడే వంతు నాకు చీటీలో వచ్చింది. గెలిచాను. న్యాయనిర్ణేతల్లో ఒకాయన, ఈ అమ్మాయి ప్రత్యర్థి మాటను అతని చేతిలోంచే లాక్కుంటుంది అని మెచ్చుకున్నాడు. ఆ క్షణంలో నాకు కొంగు పట్టుకున్న రెండు చేతులు కనిపించాయి. సన్మానం కోసం ఆగకుండా వచ్చేశాను. అది నా గొప్ప కాదు. అప్పటికే ఆలస్యమైంది.

మేడ అడుగున చల్లగది ఉంది. నాలుగే మంచాలు గనుక పడిపోయినవాళ్లకు మాత్రమే అక్కడ చోటు. నేను మెట్లు ఎక్కబోతుంటే పైనుంచి నలుగురు ఓబులేసు మామను దుప్పట్లో దింపుకుని వస్తున్నారు. ఆయన కళ్లు సగం తెరిచి ఉన్నాయి. నల్లబడిన పెదవులు ఏదో అనబోయి అనలేకపోయాయి. వెనుక దస్తగిరమ్మ అత్త, చేతిలో జేజి చీర పేలికతో.

చల్లగది తలుపు దగ్గర ఆమెకు చెప్పాను. గొట్టం, ముడి, రెండో ముడి. అన్నీ.

ఆమె నా ముఖం చూడలేదు. మంచం వైపే చూస్తూ విన్నది.

"మలుపులో నాతో పాటు మీరూ మళ్లీ నిలబడి అడగాలి అత్తా. అప్పుడే ముద్ర తీస్తారు. ఆయన కోలుకుని పైకి వచ్చేసరికి గది చల్లబడి ఉండాలి."

"నేను రాను. ఆయప్పను ఇడిసిపెట్టి యాడికీ రాను."

"అయితే ఎలా?"

"నా బదులు నువ్వే నిలబడు. నాకు మాటలు రావని నువ్వే గదా తేల్చినావు."

పదో రోజు, సాయంత్రం. బయట 51.

మలుపులో నిలబడ్డాను. నాకు ఎదురుగా ఎవరూ లేరు. మెట్ల మీద వాళ్లే ఉన్నారు, అదే తిప్పమ్మ, అదే కింది మెట్ల గుంపు.

"దస్తగిరమ్మ అత్త చెప్పిందే నిజం," అన్నాను. "గొట్టం మూతి నేనే బిగించాను. గాలి బయటికి పోయే దారి లేక నీళ్లు దిగలేదు."

వెంటనే ఎవరో "గాలిగారూ!" అన్నారు. అంతే, మెట్లన్నీ నవ్వాయి.

ముందు నాకు అర్థం కాలేదు. ఇంకోసారి, మరింత గట్టిగా, మరింత స్పష్టంగా చెప్పాను. నవ్వు పెరిగింది. ఫైనల్ గెలిచిన ఉత్సాహంలో వినోదం చేస్తున్నాననుకున్నారు. ఆ నిజాన్ని నేను ఎంత బాగా ఎగతాళి చేశానంటే, ఇప్పుడు నేను చెప్పినా అది ఎగతాళిగానే వినబడుతోంది. నాకు తెలిసిన వాదాలన్నీ ఒకదాని వెనుక ఒకటి మనసులోకి వచ్చాయి. ఒక్కటీ పనికి రాదని తెలుస్తూనే ఉంది. కింద ఒక మనిషి ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడు. మూడేళ్లలో మొదటిసారి సభ ముందు నోరు మూసుకున్నాను.

ఇంట్లోకి పరుగెత్తి ఒక గాజు సీసా, గరాటు, తడిపిన పిండి ముద్ద, చెంబుడు నీళ్లు తెచ్చాను. ఈ మలుపులో ఇంతవరకూ ఎవరూ వస్తువు తెచ్చి చూపింది లేదు. సుంకన్న మామ వద్దని అనబోయి ఆగాడు. సీసా మూతికి గరాటు పెట్టి, చుట్టూ పిండి మెత్తి, నీళ్లు పోశాను. నీళ్లు గరాటులోనే నిలిచిపోయాయి. సీసా అడుగున నాలుగు చుక్కలు.

గరాటు అంచు దాకా నిండింది. ఇంకా పోస్తూనే ఉన్నాను. పొంగి నా కాళ్ల మీద పడుతోంది. తాగే నీళ్లు.

తిప్పమ్మ ఉండబట్టలేక లేచింది. "ఏందమ్మా ఆ పోసేది, తాగే నీళ్లు పారబోస్తాండావు! గరాటు రోంత లేపు, దిగుతాది!"

"ఎందుకు లేపాలి పిన్నీ?"

"ఎందుకేంది? నూనె పోసేటప్పుడు లేపమా? లోపలి గాలి బయటికి..."

ఆమె మాట అక్కడే ఆగింది. నోటి మీద చేయి పెట్టుకుని కూర్చుంది.

ఆ మెట్ల మీద ఉన్నవాళ్లలో వంటింట్లో గరాటు ఎత్తనివారు ఒక్కరూ లేరు. వారందరి చేతులకు తెలిసిన సంగతిని నేను ఒక్క సాయంత్రం పాటు మరిపించగలిగాను. నా ప్రతిభ అంతా అదే.

నేను గరాటు ఎత్తాను. నీళ్లు గటగటమని దిగాయి. మెట్లు చరచమని సుంకన్న మామ ఎవరినీ అడగలేదు. ముద్ర తీసే చాకు తీసుకుని పైకి నడిచాడు. నేను వరండాలోకి వెళ్లి రెండో ముడి విప్పి వచ్చాను. కొంతసేపటికి పక్కింటి ఏసీ మోత మెట్ల దాకా వినిపించింది.

పదకొండో రోజు. బయట 52.

ఓబులేసు మామ కళ్లు తెరిచాడు. నీళ్లు తాగాడు. మనుషులను గుర్తు పడుతున్నాడు. కుడి చెయ్యి మాత్రం లేవడం లేదు. వైద్యురాలు, కొన్నాళ్లకు రావచ్చు, రాకపోవచ్చు అంది.

విశ్వవిద్యాలయానికి నేనే లేఖ రాశాను. నన్ను ఏడాది పాటు వేదిక నుంచి నిషేధిస్తున్నామని మధ్యాహ్నానికల్లా జవాబు వచ్చింది. ఆ శిక్ష తక్కువని వాళ్లకు తెలియదు.

జేజి ఈ రోజు నాతో మాట్లాడింది. "అన్నం తిన్నావా?" అని అడిగింది.

పదమూడో రోజు. బయట 50.

ఓబులేసు మామ ఇంటికి వచ్చాడు. ఇద్దరి భుజాల మీద చేతులు వేసుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. మా గుమ్మం ముందు కాసేపు ఆగాడు, ఊపిరి తీసుకోవడానికి. నేను తలుపు చాటున ఉన్నాను. బయటికి రాలేకపోయాను. ఆయన వెళ్లిపోయాక తలుపు తెరిచాను.

సాయంత్రం దస్తగిరమ్మ అత్త వచ్చింది. భుజాన పనిముట్ల సంచి ఉంది. వెనుక సుంకన్న మామ.

"మీ ముసలోని గొట్టంలో పాచి పట్టింటాది," అంది గుమ్మంలోంచే. "మొదట్ల నీళ్లు తగ్గింది దానికే. ఇట్లనే ఇడిస్తే మల్ల గోడ తడుస్తాది. పరీక్షకుడు వచ్చేదాంక ఆగకుండా సుంకన్న సీలు తీస్తాడు. జరుగు."

సుంకన్న మామ ముద్ర తీసి, జేజి దగ్గర కూర్చున్నాడు. దస్తగిరమ్మ అత్త స్టూలు ఎక్కి, ముందు మూత తీసి, జాలీ లాగి చూసింది. దానికి పట్టిన దుమ్ము కంబళిలా ఊడి వచ్చింది. అడుగున నీరు చేరే తట్టను వేలితో తడిమి, ఆ వేలిని నా వైపు చాపింది. పచ్చగా, జిగటగా, వేలి చివర వేలాడుతోంది.

"ఇదిగో, నీ దొంగ."

మూడు రోజులుగా నేను ఒక క్షమాపణ సిద్ధం చేసుకున్నాను. నేరాన్ని తగ్గించే మాటలు తీసేశాను, కన్నీరు పెట్టించే మాటలు తీసేశాను, నన్ను నేను పొగుడుకున్నట్టు ఉండే ఆత్మనింద కూడా తీసేశాను. మిగిలింది చాలా చిన్నది.

"అత్తా, నేను మీకు చేసిన..."

"ఆపు పాపా." ఆమె కిందికి చూడలేదు. గొట్టం మూతిని వేళ్లతో వెతుకుతోంది. "నీ మాట బాగుంటాది. బాగుంటే మల్ల నమ్మల్సొస్తాది. ఇప్పుడు నాకు ఆ ఓపిక ల్యా. సంచిలో టార్చి ఉండాది, తియ్యి."

తీసి, వెలిగించి, ఎత్తి పట్టుకున్నాను.

"తట్ట మీదికి కాదు, గొట్టం నోట్లేకి. ఎలుగు కదులుతాండాది. నిలబెట్టు."

రెండో చేతిని కూడా ఆనించి నిలబెట్టాను.